కిసాన్ క్రెడిట్ కార్డు ఋణముపై వడ్డీ ఎందుకు పెరిగినది?

2025 జూలై మాసములో మేము కృష్ణా డెల్టాలోని ఒక గ్రామమునకు వేరొక పనిమీద పోయియుంటిమి. పంచాయతీ కార్యాలయములో కూర్చుండియుండగా ఒక రైతు వచ్చి, నాలుగు మడతలు పెట్టిన కాగితము నొకదానిని సర్పంచిగారి బల్లపై పరచి, "నాలుగు శాతం వడ్డీ అని ఇచ్చారమ్మా. ఇప్పుడు చూస్తే ఏడు పడింది. నేనెక్కడా కొత్తగా సంతకం పెట్టలేదే, ఎవరు పెంచారు?" అని అడిగెను. సర్పంచిగారు ఆ కాగితమును అటునిటు త్రిప్పి చూచి, "ఇది బ్యాంకువాళ్ళనే అడగాలి బాబాయ్" అనిరి. అచ్చటనున్న వార్డు సభ్యులలో ఒకరు కేంద్ర ప్రభుత్వము వడ్డీ పెంచినదనిరి. మరియొకరు క్రొత్త మేనేజరు వచ్చినందున ఇట్లు జరిగినదనిరి.

ఆ రెండు మాటలును సరియైనవి కావు. వడ్డీని ఎవ్వరును పెంచలేదు. రైతుకు రావలసిన తగ్గింపు పోయినది. ఈ భేదము తెలియకపోవుటచే కార్డు ఋణము తీసికొనిన రైతులనేకులు చెల్లించనక్కరలేని సొమ్మును చెల్లించుచున్నారు. ఇట్టి కాగితములు మొదట వచ్చునది పంచాయతీ సభ్యుల యొద్దకే గావున, ఈ లెక్కను కొంత విపులముగా వివరించుచున్నాము.

ఆ రైతు 2024 జూన్ 20వ తేదీన తన కిసాన్ క్రెడిట్ కార్డు ఖాతానుండి 1,50,000 రూపాయలు తీసికొనెను. శాఖవారు నిర్ణయించిన గడువు 2025 జూన్ 19. ఆయన చెల్లించినది జూన్ 28వ తేదీన. నూటికి సాలుకు 4 రూపాయల చొప్పున వడ్డీ 6,000 రూపాయలు కావలసియుండగా, 7 రూపాయల చొప్పున 10,500 రూపాయలు పడినది. గడువు దాటిన తొమ్మిది దినములకు బ్యాంకు మామూలు రేటు చొప్పున మరికొంత చేరినది. ఆ కొంత మాట అటుంచినను, తొమ్మిది దినముల ఆలస్యమునకు 4,500 రూపాయలు పోయినవి. 2025లో 45 కిలోల యూరియా బస్తా వెల 266 రూపాయల 50 పైసలు. ఆ సొమ్ముతో పదునారు బస్తాలు కొని చిల్లర మిగుల్చుకొనవచ్చును.

విచారింపదగిన సంగతి మరియొకటి గలదు. ఆ రైతు చేతిలో సొమ్ము లేక ఆలస్యము చేయలేదు. ధాన్యము అమ్మిన సొమ్ము జనవరిలోనే వచ్చి అదే బ్యాంకులో ఆయన పొదుపు ఖాతాలో పడియుండెను. "డబ్బు బ్యాంకులోనే ఉంది గదా, వాళ్ళే పట్టుకుంటారనుకున్నా" అని ఆయన చెప్పెను. పొదుపు ఖాతా వేరు, కార్డు ఋణఖాతా వేరు. రెండును ఒకే గోడల నడుమ నున్నను, ఒకదానిలోని సొమ్ము రెండవదానిలోనికి తనంతట తాను నడచిపోదు. రైతు చీటీ వ్రాసి యిచ్చి మార్పించుకొనవలెను.

ఈ మూడు శాతపు తగ్గింపు ఎక్కడనుండి వచ్చుచున్నదో తెలిసికొనినచో తక్కినది సులభముగా బోధపడును. కిసాన్ క్రెడిట్ కార్డు ఆర్.వి. గుప్తా కమిటీ సూచనపై 1998లో ఏర్పడినది. దాని నమూనాను నబార్డు తయారుచేసినది. 2012లో పథకమును సవరించి, ఏ.టి.యం.లో పనిచేయు కార్డుగా మార్చిరి. 2018-19 బడ్జెటు పిమ్మట పశుపోషకులకును, మత్స్యకారులకును ఈ సౌకర్యము విస్తరింపబడినది. పంట ఋణములను 3 లక్షల రూపాయల వరకు 7 శాతము వడ్డీకి ఇచ్చు ఏర్పాటు 2006-07లో ప్రారంభమైనది. బ్యాంకు మామూలు రేటు ఇంతకంటె ఎక్కువ గనుక, ఆ లోటునకై కేంద్ర ప్రభుత్వము బ్యాంకునకు కొంత యిచ్చుచుండును. 2022-23 నుండి ఇది 1.5 శాతము. దీనికి తోడు, గడువులోగా చెల్లించిన రైతునకు ప్రోత్సాహకముగా 2009-10లో 1 శాతమును, 2010-11లో 2 శాతమును, 2011-12 నుండి 3 శాతమును తగ్గించుచు వచ్చిరి. ఏడులో మూడు పోగా నాలుగు. 2025 మే మాసములో కేంద్ర మంత్రివర్గము ఈ పథకమును 2025-26 సంవత్సరమునకు ఇదే రూపములో కొనసాగించినది.

కావున నాలుగు శాతమనునది కార్డుపై నిలుకడగా నుండు రేటు కాదు, తేదీని పాటించినవారికి లభించు రేటు. ఒకే కార్డుపై మూడు రేట్లు గలవు: గడువులో చెల్లించినవారికి 4 శాతము, గడువు తప్పినవారికి ఆ సంవత్సరమునకు 7 శాతము, గడువు దాటిన దినము మొదలు బ్యాంకు మామూలు రేటు. మన గ్రామములలో వడ్డీని నూటికి నెలకు ఇంత యని చెప్పుట వాడుక. ఆ భాషలో 4 శాతమనగా 33 పైసల వడ్డీ, 7 శాతమనగా 58 పైసల వడ్డీ. మహిళా సంఘముల పావలా వడ్డీ యనగా సాలుకు 3 శాతమేనని సభ్యులలో పెద్దలకు జ్ఞాపకముండును. గ్రామములో చేబదులుగా దొరకు రెండు రూపాయల వడ్డీ సాలుకు 24 శాతమగును.

ఈ చివరి అంకె ముఖ్యమైనది. కార్డు ఖాతా గడువు దాటి నిలిచిపోయినచో రైతు నష్టపోవునది 4,500 రూపాయలు మాత్రమే కాదు. ఆ ఖాతానుండి మరుసటి పంటకు పెట్టుబడి దొరకదు. అప్పుడాయన పురుగుమందుల వ్యాపారి యొద్దకో, ధాన్యపు కమీషను వ్యాపారి యొద్దకో పోవలసివచ్చును. 1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ ఋణ పరిశీలనలో రైతుల అప్పులలో సహకార సంఘముల వాటా నూటికి సుమారు 3 వంతులు కాగా, వడ్డీ వ్యాపారులది సుమారు 70 వంతులుగా తేలినది. ఆ స్థితినుండి బయటపడుటకు ఎన్ని సంవత్సరములు పట్టినదో పెద్దలెరుగుదురు. ఒక తేదీ మరచినందున రైతు తిరిగి ఆ గుమ్మమునకే పోవుట మిక్కిలి కష్టమైన విషయము.

తేదీ విషయములో రైతులు పొరపడుటకు కారణములు లేకపోలేదు. 2012 నాటి సవరణ ప్రకారము కార్డు అయిదు సంవత్సరములు చెల్లును. దానిని చూచి ఋణమునకే అయిదేండ్ల గడువున్నదని అనేకులు తలచుచున్నారు. కార్డు చెల్లుబాటు వేరు, తీసికొనిన సొమ్మును తీర్చు గడువు వేరు. ప్రోత్సాహకము బ్యాంకువారు నిర్ణయించిన గడువు తేదీ వరకే, అదియును సొమ్ము తీసికొనిన దినమునుండి ఒక సంవత్సరమునకు మించకుండ లభించును. రెండు మూడు దఫాలుగా తీసికొనినవారు ఏ దఫాకు ఏది గడువో శాఖలో అడిగి పాసుపుస్తకముపై వ్రాయించుకొనుట మంచిది. "సంక్రాంతికి ముందు తీసుకున్నాను" అను జ్ఞాపకము ఇక్కడ పనికిరాదు.

గడువు దగ్గరపడగానే వ్యాపారి వద్ద మూడు నాలుగు దినములకు చేబదులు తెచ్చి బ్యాంకులో కట్టి, తిరిగి తీసికొని వ్యాపారికి ముట్టజెప్పుట పలుచోట్ల వాడుకగా నున్నది. దీనినే రెన్యువల్ అనుచున్నారు. మేము దీనిని మెచ్చము గాని, 4,500 రూపాయలు పోగొట్టుకొనుటకంటె ఇది మేలని లెక్కవేసికొనిన రైతును తప్పుపట్టజాలము. ఇంతకంటె సులభమైన మార్గము ఒకటి గలదు. కార్డు ఖాతా నడుచు ఖాతా. పంట సొమ్ము రాగానే దానిలో కట్టినచో ఆ దినమునుండియే ఆ మేరకు వడ్డీ నిలిచిపోవును, అవసరము వచ్చినపుడు పరిమితికి లోబడి తిరిగి తీసికొనవచ్చును. పైన చెప్పిన రైతు జనవరి చివర ధాన్యపు సొమ్మును మార్పించియుండినచో, మూడు శాతము దక్కుటయే గాక, సుమారు అయిదు మాసముల వడ్డీ 2,500 రూపాయలు కూడ తగ్గియుండెడిది.

మరియొక సంగతి. ఖాతా కాగితములో 7 శాతము కనబడినంతమాత్రమున తొందరపడి తగవులాడరాదు. చాల శాఖలలో మొదట 7 శాతము చొప్పున వడ్డీ ఖర్చు వ్రాసి, రైతు గడువులో చెల్లించిన పిమ్మట 3 శాతమును వేరుగా జమచేయుదురు. ఆ జమ వచ్చినదా లేదా యని చూచుకొనుట రైతు పని. అట్లే, కాగితములోని ప్రతి ఖర్చును వడ్డీ కాదు. పంటల బీమా ప్రీమియము వానాకాలపు ఆహారపంటలకు 2 శాతము, యాసంగి పంటలకు 1.5 శాతము చొప్పున ఈ ఖాతానుండియే పోవచ్చును. 2020 వానాకాలమునుండి ఈ బీమా ఐచ్ఛికమైనది. వలదనువారు గడువునకు ఏడు దినముల ముందుగా బ్యాంకునకు వ్రాసియీయవలెను. బీమా మంచిదే, వలదని మేము సలహా యిచ్చుట లేదు. ఏది వడ్డీయో ఏది బీమాయో తెలియవలెనని మాత్రమే మా మాట.

గడువులో చెల్లించినను వడ్డీ ఎక్కువ పడు సందర్భములు కొన్ని యున్నవి. రాయితీ ఒక రైతునకు అన్ని బ్యాంకులలోని ఋణములు కలిపి 3 లక్షల రూపాయల వరకే. పశుపోషణ, చేపల పెంపకము వంటి వానికి మాత్రమే తీసికొనినచో 2 లక్షల వరకే. ఈ 3 లక్షలను 5 లక్షలకు పెంచుదుమని 2025-26 కేంద్ర బడ్జెటు ప్రసంగములో ప్రకటన వచ్చినది. కాని 2025 మేలో మంత్రివర్గము పథకమును కొనసాగించినపుడు తక్కిన అంశములలో మార్పు చేయలేదు. కావున 3 లక్షలు దాటి తీసికొనువారు ఆ పై మొత్తమునకు రేటెంతయో ముందుగా శాఖలో అడిగి కాగితముపై తీసికొనవలెను. ప్రకటనను నమ్మి తీసికొనుట తగదు. రాయితీ కిసాన్ క్రెడిట్ కార్డు ద్వారా ఇచ్చు ఋణములకు గావున, బంగారము కుదువబెట్టి కార్డుతో సంబంధము లేకుండ తెచ్చిన అప్పు వ్యవసాయమునకే వాడినను దానికి ఇది వర్తింపదు. ఆధార్ సంఖ్య ఖాతాకు చేరకున్నను రాయితీ నిలిచిపోవును.

తుపానులకు, వరదలకు అలవాటుపడిన కోస్తా గ్రామములవారు మరియొక విషయమును గమనింపవలెను. ప్రకృతి వైపరీత్యము వలన పంట పోయినపుడు బ్యాంకులు పంట ఋణమును కొన్ని సంవత్సరములలో తీర్చునట్లుగా మార్పిడి చేయుదురు. మార్పిడి చేసిన మొత్తమునకు వడ్డీ రాయితీ సాధారణముగా మొదటి సంవత్సరమునకే వర్తించును. రెండవ సంవత్సరమునుండి మామూలు రేటు పడును. వైపరీత్యము మిక్కిలి తీవ్రమైనదని కేంద్రము గుర్తించినపుడు ఎక్కువ కాలము రాయితీ లభించు ఏర్పాటు వేరుగా గలదు. మార్పిడి సమయమున ఈ ముక్క రైతునకు చెప్పువారు తక్కువ. ఏడాది గడచిన పిమ్మట కాగితము చూచి ఉలిక్కిపడుట జరుగుచున్నది. మార్పిడికి ఒప్పుకొనవద్దని మేమనుట లేదు. పంట పోయినవానికి గడువు దొరకుటయే గొప్ప. రెండవ ఏటి రేటు ఎంతయో సంతకమునకు ముందు అడుగుట మాత్రము అవసరము.

ఋణమాఫీని గూర్చి ఒక్క మాట చెప్పక తప్పదు. మాఫీ వచ్చునను మాట విని చెల్లింపు ఆపినవారి వడ్డీ ఆగలేదు. 2024లో తెలంగాణములో 2 లక్షల వరకు మాఫీ చేసినపుడు, అసలు వడ్డీ కలిపి 2 లక్షలకు మించినవారు పై మొత్తమును ముందుగా చెల్లించవలెనని నిబంధన ఉండెను. వడ్డీ పెరిగి ఆ గీత దాటినవారికి ఇది భారమైనది.

గడువు దాటిన పిమ్మట ఏమి జరుగునో కూడ తెలిసియుండవలెను. పంట ఋణముపై గడువు లోపల వడ్డీకి వడ్డీ కట్టరాదు. గడువు దాటినచో కట్టవచ్చును. ఆలస్యమునకు విధించు అపరాధపు వడ్డీని గూర్చి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఒక ఉత్తర్వు జారీచేసినది. 2024 ఏప్రిల్ 1 నుండి ఇచ్చు క్రొత్త ఋణములపై వాణిజ్య బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు వడ్డీ రేటుపై అపరాధపు వడ్డీని చేర్చరాదు. వేరుగా ఒక రుసుము విధించవచ్చును గాని దానిపై మరల వడ్డీ కట్టరాదు. అయిదెకరముల లోపు గల చిన్న, సన్నకారు రైతుల స్వల్పకాలిక ఋణములపై మొత్తము వడ్డీ అసలును మించరాదని కూడ రిజర్వు బ్యాంకు నిర్దేశించియున్నది. వడ్డీ అసలును మించరాదని మన ధర్మశాస్త్రకారులు ఏనాడో చెప్పియుండిరి. ఈ నిబంధనను బ్యాంకులో చూపి అడుగుటకు రైతు జంకనక్కరలేదు. స్వల్పకాలిక పంటలపై ఋణము రెండు పంట కాలములు గడువు దాటి నిలిచినచో అది మొండిబాకీగా పరిగణింపబడును. అంతవరకు రానీయరాదు.

వడ్డీ ఇదివరకే పెరిగి కాగితము చేతికి వచ్చినచో ఏమి చేయవలెను? మొదట శాఖకు పోయి, సొమ్ము తీసికొనిన దినమునుండి ఖాతా నకలును అడుగవలెను. దానిలో తీసికొనిన తేదీ, గడువు తేదీ, చెల్లించిన తేదీ, 3 శాతపు జమ అను నాలుగింటిని గుర్తుపెట్టి చూడవలెను. చెల్లించిన తేదీ గడువునకు లోపలనుండి జమ రాకున్నచో, తేదీలు పేర్కొనుచు అర్జీ వ్రాసి, నకలుపై శాఖ ముద్ర వేయించుకొనవలెను. నోటిమాటకు విలువ లేదు. శాఖలో పరిష్కారము కాకున్నచో జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరునకు తెలుపవచ్చును. మండల స్థాయి బ్యాంకర్ల సమావేశములో ఈ విషయము చర్చకు వచ్చునట్లు చేయుట పంచాయతీకి సాధ్యమే. బ్యాంకు ముప్పది దినములలో సమాధానమీయకున్నను, ఇచ్చిన సమాధానము తృప్తికరము కాకున్నను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసికొనవచ్చును. దీనికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఫిర్యాదు విధానమును 14448 అను సంఖ్యకు టెలిఫోను చేసి తెలిసికొనవచ్చును.

పట్టణములలో ఉద్యోగము చేయుచు గ్రామమునకు వచ్చిపోవు యువకుల వద్ద వేరొక రకపు క్రెడిట్ కార్డులు కనబడుచున్నవి. ఇవి దుకాణములలో సరకులు కొనుటకు బ్యాంకులిచ్చునవి. కిసాన్ కార్డుతో వీనికి పేరులో తప్ప పోలిక లేదు. వీనిపై బాకీ నిలిచినచో నెలకు నూటికి మూడున్నర రూపాయల వరకును, కొన్నింటిపై అంతకు మించియు వడ్డీ పడును. మూడున్నర రూపాయలనగా సాలుకు 42 శాతము, గ్రామములోని రెండు రూపాయల వడ్డీ కంటెను ఎక్కువ! బిల్లులో "కనీస మొత్తము" అని చూపునది చెల్లించినచో అపరాధ రుసుము తప్పునే గాని వడ్డీ తప్పదు. ఈ కార్డులపై 30 శాతమునకు మించిన వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసినది. కావున పై హద్దు నమ్మకము పెట్టుకొనరాదు. రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల ప్రకారము రుసుములలో మార్పు చేయునపుడు ఒక మాసము ముందుగా తెలుపవలెను. ఆ మార్పు నచ్చనివారు బాకీ తీర్చి, అదనపు రుసుము లేకుండ కార్డును వదలుకొనవచ్చును. బాకీ లేని కార్డును కోరిన ఏడు పనిదినములలో మూసివేయని బ్యాంకు, ఆ పై ప్రతి దినమునకు 500 రూపాయల చొప్పున చెల్లించవలసియుండును.

మొదట చెప్పిన రైతు విషయమునకు వత్తము. ఆయన కాగితమును మేమును సర్పంచిగారును వరుసగా చూచితిమి. బ్యాంకు లెక్కలో తప్పు లేదు. ఆ 4,500 రూపాయలు తిరిగి రావు. ఆ మాట ఆయనతో చెప్పుట మాకు కష్టమే యైనది. అయితే ఆ సాయంకాలమే మరి ఇద్దరు రైతులు తమ కాగితములు తెచ్చిరి. వారిద్దరును గడువులోనే చెల్లించియు మూడు శాతపు జమ పొందలేదు. ఒకరి ఆధార్ సంఖ్య ఖాతాకు చేరలేదు. రెండవవారి విషయములో కారణము కాగితమునుబట్టి తెలియలేదు. ఇద్దరి చేతను సర్పంచిగారు అచ్చటనే అర్జీలు వ్రాయించిరి.

ఎవరి గడువు ఏనాడో ఒక పట్టిక వ్రాసి బోర్డుపై అంటింతమని ఒక సభ్యుడు సూచించెను. ఎవరికెంత అప్పున్నదో నలుగురికి తెలియునట్లు చేయుట తగదని సర్పంచిగారు అందుకు ఒప్పుకొనలేదు. ఆ మాట మాకును సరియనిపించినది. ఆ ఊరిలో వానాకాలపు ఋణములు ఎక్కువమంది జూన్, జూలై మాసములలో తీసికొందురు. కావున పేర్లు లేకుండ, మే చివరి వారములో ఒకసారియు, జూన్ చివరి వారములో ఒకసారియు, కార్డు ఋణమున్నవారందరు శాఖకు పోయి గడువు తేదీ అడిగి, పొదుపు ఖాతాలోని సొమ్మును ఋణఖాతాకు మార్పించుకొనవలెనని దండోరా వేయించుటకు పంచాయతీలో తీర్మానించిరి.